గ్లాసు తిరిగి ఇచ్చేదాకా

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే చొక్కాకు పట్టిన మిరప ఘాటుకు పిల్లలం వరసగా తుమ్మేవాళ్లం. ఆ ఘాటుతో పాటు ఆయన రోజూ ఒక కథ కూడా తెచ్చేవారు. ‘ఇవాళ టీ దగ్గర ఒక మాట విన్నాను’ అని మొదలుపెట్టేవారు. అమ్మకు మాత్రం ఆ కథల మీద పెద్ద గురి ఉండేది కాదు. ‘టీ దగ్గరి మాట టీతోనే చల్లారిపోతుంది, వదిలెయ్యండి’ అనేది. అలా అంటూనే చివరిదాకా వినేది.

ఆ కథల్లో నాకు బాగా గుర్తున్నది పల్నాడు నుంచి సరుకు తెచ్చిన ఒక రైతుది. ధర నచ్చక రెండు రాత్రులు యార్డులోనే ఉండిపోయి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయంతో తన టిక్కీల మీదే, అంటే మిర్చి బస్తాల మీదే, పడుకున్నాడట. రెండో రోజు తెల్లవారి లేచి చూసుకుంటే తాను పడుకున్నది పక్క రైతు టిక్కీల మీద. చీకట్లో వరస తప్పి, రాత్రంతా పరాయి సరుకుకు కాపలా కాశాడు. టీ కొట్టు దగ్గర ఈ సంగతి తానే చెప్పుకుని, ఆఖరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి జేబులో చెయ్యి పెట్టబోతే, పక్క రైతు ఆ చెయ్యి పట్టుకుని, కాపలా కూలి కింద జమ వేసుకోమని టీ డబ్బులు తానే ఇచ్చాడట.

ఆ కథ అంత పొందికగా కుదరడానికి కారణం చెప్పినవాడి నేర్పు మాత్రమే కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. అందులో సగం ఘనత గాజు గ్లాసుది. పొయ్యి మీంచి దించిన టీని మాస్టర్ గుడ్డలో వడకట్టి, ఒక మగ్గులోంచి మరో మగ్గులోకి చేతులు బారచాపి రెండు మూడుసార్లు తిరగబోసి, నురగ వచ్చాక గ్లాసుల్లోకి పోస్తాడు. ఆ గ్లాసును మొదటి నిమిషం పూర్తిగా పట్టుకోలేము. బొటనవేలు అంచు మీద, చూపుడువేలు అడుగున పెట్టి బ్యాలెన్స్ చేసుకోవాలి. తాగడానికి వీలులేని ఆ నిమిషంలోనే మాట మొదలవుతుంది. టీ సగానికి వచ్చేసరికి కథ చిక్కుముడి దగ్గరికి చేరుతుంది, అడుగున పొడి కనిపించేసరికి ముగింపు చెప్పక తప్పదు. వీటన్నిటికన్నా పెద్ద విషయం ఏమిటంటే, గ్లాసు కొట్టువాడిది. అది తిరిగి ఇవ్వందే ఎవరూ అక్కడి నుంచి కదలలేరు కాబట్టి చెప్పేవాడికి వినేవాళ్లు దొరికేవారు.

ఇంతగా మన జీవితంలో కలిసిపోయిన ఈ పానీయం నిజానికి మనకు నిన్న మొన్నటి చుట్టం. నేను విన్న పాత సామెతల్లో గంజి ఉంది, అంబలి ఉంది, మజ్జిగ ఉంది, టీ లేదు. అస్సాం అడవుల్లో తేయాకు మొక్క 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడి కంటపడింది. అక్కడి తేయాకు 1839లో లండన్ వేలానికి వెళ్లింది. ఆ తర్వాత చాలాకాలం పాటు మన దేశపు తేయాకు ప్రధానంగా ఇంగ్లండుకు ఎగుమతి అయ్యే సరుకుగానే ఉంది. 1930లలో ప్రపంచమంతా మాంద్యం వచ్చి ఎగుమతులు దెబ్బతిన్నప్పుడు, తోటల యజమానులకు మనం కూడా తాగగలమన్న సంగతి గుర్తొచ్చింది. ఊరూరా ఉచితంగా టీ కాచి పోసి, ఎలా కాచుకోవాలో చూపించి మరీ అలవాటు చేశారు. ఇంచుమించు అదే కాలంలో అస్సాంలోనే ఆకును నలిపి, చీల్చి, ఉండలుగా చుట్టే సీటీసీ యంత్రం వచ్చింది. ఆ పద్ధతిలో తయారైన టీ త్వరగా రంగు దిగుతుంది, పాలు పోసినా చిక్కదనం చెడదు, తక్కువ పొడితో ఎక్కువ గ్లాసులు వస్తాయి. దక్షిణాదిలో అందులోనూ సన్నని డస్టుకే గిరాకీ ఎక్కువ. అందుకే కాబోలు మనం ‘టీ ఆకు’ అనకుండా ‘టీ పొడి’ అంటాము. ఇప్పుడు దేశంలో పండే తేయాకులో దాదాపు 80 శాతం మనమే తాగేస్తున్నాము.

పేరు కూడా అరువుదే. చైనాలోని ఫుజియన్ తీరపు ‘తే’ డచ్చివారి ఓడలెక్కి ‘టీ’ అయింది. నేలదారిన పర్షియా మీదుగా వచ్చినది ‘చాయ్’ అయింది. తెలంగాణలో చాయ్ అంటారు, మా వైపు టీ అంటారు. విజయవాడ స్టేషన్‌లో మాత్రం అన్ని దిక్కుల బండ్లూ ఆగుతాయి కాబట్టి రెండు కేకలూ వినిపిస్తాయి. ‘తేనీరు’ అనే మాట అచ్చులో తప్ప నాకెక్కడా ఎదురుపడలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఎవరైనా ‘రెండు తేనీళ్లు’ అని అడిగితే మాస్టర్ తేనె కోసం వెతుక్కుంటాడు.

మా ఇళ్లలో టీకి గుమ్మం దాటి లోపలికి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మా అమ్మమ్మగారింట్లో బంధువులు వస్తే కాఫీ ఇచ్చేవారు. టీ అంటే రోడ్డు మీద మగవాళ్లు నిలబడి తాగేది. ఈ తేడాను మన సినిమాలు ఎంతో శ్రద్ధగా పాటించాయి. పెళ్లిచూపుల్లో అమ్మాయి చేతికి కాఫీ కప్పుల పళ్లెం ఇస్తారు. హీరో గురించి ఊరంతా ఏమనుకుంటోందో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం టీ కొట్టు బల్ల మీద నలుగురిని కూర్చోబెట్టి, ఒకడి చేతికి దినపత్రిక ఇస్తారు. 2001లో వచ్చిన ‘మృగరాజు’లో చాయ్ మీద పాటను చిరంజీవి స్వయంగా పాడారు, కాఫీకి అలాంటి మాస్ పాట నేనైతే వినలేదు. సినిమా బయట కూడా ఇంతే. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న విజయవాడ గాంధీనగర్‌లో చదువుకునే రోజుల్లో శుక్రవారం మధ్యాహ్నాలు కొన్ని గడిపాను. ఆట వదలగానే ‘టాక్’ అనేది పుట్టే చోటు థియేటర్ కాదు, ఎదుటి టీ బంకు. బొమ్మ మొత్తం చూసినవాడు గ్లాసు పట్టుకుని ‘ఇంటర్వెల్ దాకా పర్వాలేదు’ అన్నాడంటే ఇక ఆ సినిమా సంగతి అంతే.

చదువు రానివారు కూడా చూడగానే గుర్తుపట్టాలన్నది ఎన్నికల గుర్తుకు మొదటి నియమం. 2019 ఎన్నికల్లో జనసేన పార్టీ గాజు గ్లాసు గుర్తుతో బరిలోకి దిగింది. రాజకీయం సంగతి పక్కన పెడితే, మన రాష్ట్రంలో పరిచయం చేయనవసరం లేని గుర్తుల్లో అది ఒకటని ఒప్పుకోవాలి.

తమాషా ఏమిటంటే, గ్లాసు గోడల మీదికి ఎక్కుతున్న ఆ సంవత్సరాల్లోనే కొట్లలోంచి కనుమరుగవుతూ వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా, తడిసి చిరగకుండా లోపల సన్నని ప్లాస్టిక్ పూత పూసిన కాగితం కప్పులే. కొట్టువాళ్లను తప్పుపట్టలేను: కడగడానికి నీళ్లు కావాలి, మనిషి కావాలి, పైగా కరోనా తర్వాత గ్లాసులో ఇస్తే మొహం చిట్లించింది మనమే. 2004లో రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ స్టేషన్లలో మట్టి కప్పులు తెచ్చినప్పుడు నేను సంబరపడ్డాను గానీ, అవీ తాగి పారేసేవే. కాగితం కప్పు చేతికి రాగానే మనిషికి కాళ్లు వస్తాయి. బండి మీద కూర్చుని, ఫోన్ చూసుకుంటూ, సగం తాగి వెళ్లిపోతాడు.

మొన్న మార్చిలో నాన్నగారు అడిగితే యార్డు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి చక్కెర లేని టీ చెప్పాము. కాగితం కప్పు చూసి ఆయన చెయ్యి చాపలేదు. మాస్టర్ బల్ల కింద వెతికి ఒక పాత గ్లాసు బయటికి తీసి, వేణ్ణీళ్లతో తొలిచి అందులో పోసి ఇచ్చాడు. పక్కనే ఒక కుర్రాడు, హమాలీల ముఠాలో కొత్తగా చేరినవాడు కాబోలు, రాత్రి లారీ మీంచి ఒక టిక్కీ జారి ఎక్కడ పడిందో తోటివాడికి చెబుతున్నాడు. నాన్నగారు చెవి అటువైపు తిప్పి గ్లాసు అంచు మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. కథ సరిగ్గా టిక్కీ పడ్డ చోటికి వచ్చేసరికి ఆ కుర్రాడికి ఫోన్ వచ్చింది. కప్పుతో సహా గేటులోకి నడిచి వెళ్లిపోయాడు.

నేను డబ్బులిచ్చి వచ్చినా నాన్నగారు కదలలేదు. ‘ఆ గ్లాసు ఇటివ్వండి బాబాయిగారూ’ అని మాస్టర్ రెండుసార్లు అడిగాడు.

‘ఒక్క నిమిషం ఆగరా, ఆ అబ్బాయి మళ్లీ వస్తాడేమో’ అన్నారు నాన్నగారు నాతో, ఖాళీ గ్లాసు చేతిలోంచి వదలకుండా.