యూటాలో ఆదివారం భోజనం

అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్ళివచ్చిన తెలుగువారందరూ ఎర్రరాళ్ళ గురించే రాస్తారు. ఆర్చెస్, బ్రైస్, జయాన్ మేమూ చూశాం. గాలికి పెదవులు పగిలి, బీమా పేరుతో అద్దె కారువాళ్ళు చివరి నిమిషంలో కలిపిన రుసుముకు ఒళ్ళు మండి, మార్చి నెలాఖరులో ఒక శుక్రవారం రాత్రికి ప్రోవో చేరాం. ఆ రాళ్ళ ఫొటోలు ఎవరి ఫోనులో చూసినా ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఆ తరువాత, యూటాలో ఎక్కువగా ఉండే మోర్మన్లనే క్రైస్తవ శాఖవారి మధ్య గడిపిన శని, ఆదివారాలే ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. నియమాన్ని అక్షరాలా పాటించే మనిషికి లోకంలోని రుచులూ కళలూ ఎంతవరకు అందుతాయన్న ప్రశ్న పుస్తకాల్లో చదివినప్పుడు ఒక రకంగా ఉంటుంది, అలాంటి మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్నప్పుడు ఇంకో రకంగా ఉంటుంది.

శనివారం ఉదయం స్పానిష్ ఫోర్క్‌లోని రాధాకృష్ణ ఆలయానికి హోలీ చూడటానికి వెళ్ళాం. గుట్ట మీద తెల్లని గుమ్మటాలతో, రాజస్థాన్ కోటలను తలపించే గుడి అది. కింద పచ్చికలో వేలమంది కుర్రకారు. వారిలో ఎక్కువమంది ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, అంటే మోర్మన్ కుటుంబాల పిల్లలు. వేదిక మీదివారు అంకెలు వెనక్కి లెక్కపెట్టి ముగించగానే అందరూ ఒక్కసారిగా రంగుపొడి పైకి విసిరారు. కొంతసేపటి దాకా పక్కనున్న మా ఆవిడే నాకు కనబడలేదు. హోలీ వస్తోందంటే హైదరాబాదులో పోలీసులు మద్యం దుకాణాలు మూయిస్తారు. ఇక్కడ ఆ అవసరమే లేదు. మంచినీళ్ళు తాగుతూ, హరే కృష్ణ అని గొంతులు చించుకుంటూ, మత్తు లేకుండా ఇంతలా గంతులు వేసే జనాన్ని నేను మన దేశంలో కూడా చూడలేదు. నీలమూ పసుపూ కలిసి నిలువెల్లా ఆకుపచ్చగా మారిన ఒక కుర్రవాణ్ణి, రేపు కూడా వస్తావా అని అడిగితే, రేపు సబ్బాతు, విశ్రాంతి దినం కదా, ఎలా వస్తాను అన్నాడు.

అక్కడి నుంచి దాహంతో బయలుదేరితే, దారిలో ఒక సోడా దుకాణం ముందు కార్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. కోలాలో కొబ్బరి సిరప్పు, నిమ్మరసం, పైన పాలమీగడ కలిపి, పిడికెడు ఐసు వేసి ఇచ్చే ఈ పానీయాన్ని యూటా అంతటా 'డర్టీ సోడా' అంటారు. బంతిపూలంత పసుపు రంగు గౌనులో ఒక తల్లి, వెనక సీటులో ముగ్గురు పిల్లలు, వాళ్ళకు నాలుగు బకెట్లంత గ్లాసులు. మా గ్లాసుకు దాదాపు ఆరు డాలర్లు పుచ్చుకున్నారు. మా ఆవిడ రెండు గుక్కలు తాగి, ఇది పెళ్ళివారి పానకంలా ఉంది, మీరే తాగండి అని నా చేతిలో పెట్టింది.

ఈ దుకాణాల వెనుక ఒక చరిత్ర ఉంది. 1833లో ఒహాయోలోని కర్ట్‌లండ్‌లో ఈ మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్ తనకు దేవుడు తెలియజేశాడని ప్రకటించిన ఆరోగ్య సూత్రాలలో ద్రాక్షసారాయి, పొగాకు వద్దనీ, వేడి పానీయాలు ఒంటికి మంచివి కావనీ ఉంది. వేడి పానీయాలంటే కాఫీ, టీ అని ఆ తరువాతి పెద్దలు అర్థం చెప్పారు. మొదట్లో అది హితబోధ మాత్రమే. స్మిత్ తరువాత ఈ సంఘానికి పెద్దయిన బ్రిగమ్ యంగ్ హయాంలో దక్షిణ యూటాలో ద్రాక్షతోటలు వేసి సారాయి తీసిన స్థిరనివాసులు కూడా మోర్మన్లే. 1920ల ప్రాంతానికి గాని ఇది ఆలయప్రవేశానికి తప్పనిసరి షరతుగా బిగుసుకోలేదు. చల్లని కోలా మాటేమిటన్న వాదన దశాబ్దాల తరబడి నలిగి, కెఫీన్ ఉన్న కోలాకు నిషేధం లేదని చర్చి 2012లో స్పష్టం చేశాక కూడా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో దాన్ని అమ్మడానికి 2017 దాకా పట్టింది. ఐసు వేసిన కాఫీ అయినా కాఫీయేననీ, గ్రీన్ టీ అయినా టీయేననీ 2019లో చర్చి పత్రిక యువతకు మళ్ళీ చెప్పవలసివచ్చింది. కాఫీహోటల్లో కూర్చుని గంటలు గడపడమన్న సుఖం ఏ మతస్థుడికైనా కావాలి కదా. అది తీరే మార్గం దొరకని చోట మనిషి చక్కెరను ఆశ్రయిస్తాడని నా అనుమానం.

మధ్యాహ్నం ఆ విశ్వవిద్యాలయం కళాప్రదర్శనశాలకు వెళ్ళాం. ప్రవేశం ఉచితం, భవనం విశాలం, వెలుతురు చక్కగా అమర్చారు. వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా నేను గోడల మీద ఉన్నవాటికంటే అక్కడ లేనివాటి గురించే ఎక్కువ ఆలోచించాను. 1997లో ఫ్రెంచి శిల్పి రోడాన్ శిల్పాలు ఊరూరా తిరుగుతూ ఇక్కడికి వచ్చినప్పుడు, ప్రఖ్యాతమైన 'ముద్దు'తో సహా నాలుగు శిల్పాలను పెట్టెల్లోంచి బయటికి తీయకుండానే ఉంచారు. విద్యార్థులు నిరసన తెలిపారు. ఆ నాలుగింటిలో బాల్జాక్ అనే రచయిత విగ్రహమూ, ఎడారిలో బోధించిన బాప్తిస్మమిచ్చు యోహాను విగ్రహమూ ఉన్నాయి. నగ్నంగా ఉన్నాడన్న కారణంతో తమ గ్రంథంలోని ప్రవక్తనే లోపల దాచిన తీరు నాకు నవ్వూ తెప్పించింది, విచారమూ కలిగించింది. సినిమాల మాటకొస్తే, పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడకూడని 'ఆర్' రేటింగు ఉన్నవి చూడవద్దని 1986లో అప్పటి చర్చి అధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ యువకులకు చెప్పాడు. ఆ తరువాత ఈ రాష్ట్రంలోనే, సినిమాల నుంచి అభ్యంతరకరమైన దృశ్యాలను, మాటలను కత్తిరించి అద్దెకిచ్చే వ్యాపారాలు వెలిశాయి. దర్శకులూ, స్టూడియోలూ కోర్టుకెక్కాక 2006లో అది కాపీరైటు ఉల్లంఘన అని తీర్పు వచ్చింది.

ఇంత రాశాక, వీళ్ళకు కళ అంటే గిట్టదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆదివారం ఉదయం సాల్ట్ లేక్ సిటీ టేబర్నకిల్‌లో కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు బాగా తెలిసింది. 1867లో పూర్తయిన ఆ మందిరం బోర్లించిన పడవలా ఉంటుంది. లోపల 11,623 గొట్టాల ఆర్గన్, దాని ముందు మెట్లు మెట్లుగా జీతం లేకుండా పాడే మూడువందల పైచిలుకు గాయకులు. 1929 జూలై నుంచి ప్రతి వారం రేడియోలో వినిపిస్తున్న ఆ కార్యక్రమం సరిగ్గా తొమ్మిదిన్నరకు మొదలయింది. స్త్రీల గొంతులు సన్నగా లేచి, మగవారి గొంతులు వాటి కిందికి చేరి, ఆర్గన్ మంద్రస్వరం బల్ల చెక్క గుండా నా వెన్నుకు తగిలింది. ఎదురుగా, పునర్నిర్మాణం కోసం 2019 చివర మూసిన ప్రధానాలయం ఉంది. దాన్ని కట్టడానికే 1853 నుంచి 1893 దాకా పట్టింది. రైలు రాకముందే, 1862లోనే, ఈ ఎడారిలో బ్రిగమ్ యంగ్ పెద్ద నాటకశాల కట్టించాడు. నాట్యాలు కూడా వాళ్ళకు నిషిద్ధం కాదు. తాము చేసే కళ అంటే ప్రాణం పెడతారు. బయటివారు చేసిన కళ గడప దాటాలంటే మాత్రం తనిఖీ ఉంటుంది.

పాట ముగిశాక ఆకలి మొదలయింది. ఆలయానికి ఎదురుగా ఉన్న, చర్చికే చెందిన పెద్ద షాపింగ్ కేంద్రం ఆదివారం మూసే ఉంటుంది. గాజు తలుపుల వెనుక సెలయేరు పారుతూ కనబడింది గాని కాఫీ మాత్రం కనబడలేదు. తెరిచి ఉన్న ఒక హోటల్లో ఎండిపోయిన రొట్టెకు, పేపరు కప్పు కాఫీకి చెల్లించిన డబ్బుతో మా ఊళ్ళో ఇద్దరికీ భోజనం వచ్చేది. పార్కింగుకు వేరే.

రెండు గంటలకు, నాతో కలిసి చాలాకాలం ఒకే ప్రాజెక్టులో పనిచేసి ఇప్పుడు సాల్ట్ లేక్ శివార్లకు మారిన మిత్రుడి ఇంటికి చేరాం. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, ఇంకా టై విప్పలేదు. మేము శాకాహారులమని గుర్తుపెట్టుకుని ఆయన భార్య, చావు భోజనాల్లో తప్పక వడ్డిస్తారని 'ఫ్యూనరల్ పొటేటోస్' అని పిలిచే బంగాళాదుంపల వంటకాన్ని, కోడి సూపు వేయకుండా పుట్టగొడుగుల సూపుతో ప్రత్యేకంగా మాకోసం చేసింది. పైన కార్న్‌ఫ్లేక్స్ కరకరలాడుతూ, కింద చీజ్ సాగుతూ, నిజానికి చాలా బాగుంది. వాళ్ళకు గొడ్డుమాంసం రోస్టు. మధ్యలో 'జెల్లో' అనే తియ్యని ఆకుపచ్చ జెల్లీ వణుకుతోంది. 2001లో రాష్ట్ర సెనేట్ దాన్ని యూటాకు ఇష్టమైన చిరుతిండిగా గుర్తించిందని గర్వంగా చెప్పారు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు కనుక మేము తినమని చెప్పవలసివచ్చింది. మేము పట్టుకెళ్ళిన ఫిల్టర్ కాఫీపొడి పొట్లాన్ని చూసి ఆయన నవ్వి, వాసన బాగుంది, ఇది మీరే ఉంచుకోండి అన్నాడు. లెక్క సరిపోయింది.

కాలేజీలో చదివే కూతురు ఊరుకోలేదు. "నాన్నా, కాఫీ వద్దన్న ఆ అధ్యాయంలోనే మాంసం మితంగా, చలికాలంలోనూ కరువులోనూ మాత్రమే తింటే మంచిదని కూడా ఉంది కదా?" అంది. ఆయన కిటికీలోంచి మంచు కప్పుకున్న వాసాచ్ కొండల వైపు చేయి చూపి, "ఇంకా చలికాలమే" అని మరో ముక్క వడ్డించుకున్నాడు. అందరం నవ్వాం గాని, ఒకే పేజీలోని ఒక మాట ఉక్కులాగా, పక్క మాట మైనంలాగా ఎలా తయారయిందో ఎవరూ చెప్పలేదు.

మాట ఇటలీ మీదికి మళ్ళింది. కుర్రతనంలో ఆయన మత ప్రచారకుడిగా రెండేళ్ళు అక్కడ పనిచేశాడు. కొన్ని నెలలు నేపుల్స్‌లో. అప్పటి నియమాల ప్రకారం ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. సినిమాలు లేవు, టీవీ లేదు, జతగాణ్ణి వదిలి ఒంటరిగా వీధి దాటకూడదు. ఈత నిషిద్ధం, ఎదురుగా నేపుల్స్ సముద్రం, ఒంటిమీద తెల్ల చొక్కా, టై. సొంత పనులకు వారంలో ఒక రోజు సెలవుండేది, అదీ సాయంత్రం ఆరు దాకే. 1737లో తెరిచిన శాన్ కార్లో సంగీతనాటకశాల గోడ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదట, లోపలికి మాత్రం వెళ్ళలేదు. ప్రదర్శనలు మొదలయ్యేది వీళ్ళ గంట మోగాకే.

ఇవన్నీ ఆయన హాస్యంగానే చెప్పాడు. కాఫీ దగ్గర మాత్రం గొంతు మారింది. నేపుల్స్‌లో ఎవరి గడప తొక్కినా ముందు కాఫీ పెడతారు. మూడో అంతస్తులో ఉండే ఒక ముసలామె వీళ్ళిద్దరినీ వంటగదిలో కూర్చోబెట్టి, 'మోకా' అనే ఎనిమిది పలకల అల్యూమినియం కాఫీపాత్రలో పొడి వేసి పొయ్యి వెలిగించి, అది గురగురలాడేలోపు చిన్న చిన్న కప్పులు తుడిచి, పక్కన గ్లాసులతో మంచినీళ్ళు పెట్టింది. మేము తాగం అని వీళ్ళు చెప్పేసరికి ఆమె కాసేపు మాట్లాడలేదు. మా ఇంటి కాఫీ పనికిరాదా అని ఒకే ఒక్క మాట అడిగిందట. తరువాతి వారం బార్లీ వేయించి చేసే 'ఓర్జో' కొని సిద్ధంగా ఉంచింది, కాని ఇరుగుపొరుగువారిని పిలవలేదు. మొదటిసారి పిలిచినవాళ్ళు అప్పుడు కాఫీ తాగి కబుర్లు చెప్పారని, వీళ్ళు వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నారని ఆయనకు బాగా గుర్తు.

బాధగా ఉందా అని అడిగాను. "భాష వచ్చింది, వాళ్ళ వంటిళ్ళలో కూర్చున్నాను, ఏ యాత్రికుడికీ అది దొరకదు," అన్నాడు. కొంచెం ఆగి, "కాని ఇప్పటికీ ఏ బొమ్మ ముందు నిలబడినా, ఏ పుస్తకం తెరిచినా, ఇది తగునా అన్న ప్రశ్న ముందు వస్తుంది. బాగుందా అన్నది తరువాత" అన్నాడు.

మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడది కఠినమైన మడి. కాశీ వెళ్ళి, తనకు ప్రాణమైన సీతాఫలాన్ని అక్కడ వదిలేసి వచ్చి, చనిపోయేదాకా ముట్టలేదు. అయితే ఏది వదలాలో ఆవిడే ఎంచుకుంది. ఆవిడ నిష్ఠ వంటింటి గడప దగ్గరే ఆగేది. చెవులకు మడి లేదు. ఊళ్ళోకి ఏ నాటకం వచ్చినా ముందు వరసలో కూర్చునేది, పద్యం ఎవరు పాడారో, ఆ పాడినవాడు రాత్రి ఏం తాగుతాడో తెలిసి కూడా, వాడి రాగం ముందు వాడి అలవాటు లెక్కలేదనేది. శాకాహారం నాకూ కొన్ని ఊళ్ళ రుచిని దూరం చేసిందని ఒప్పుకుంటాను. అయినా పళ్ళెం దగ్గర ఆగే నియమానికీ, కంటికీ చెవికీ కాపలా కాసే నియమానికీ తేడా పెద్దదేనని ఆ బల్ల దగ్గర నాకు అనిపించింది. కళను అనుభవించాలంటే కొంతసేపైనా కాపలా దించాలి. ఆయనకు ఆ కాసేపు దొరకలేదు.

పింగాణీ గిన్నెలు తీస్తూ ఆయన భార్య, పదవీ విరమణ తరువాత దంపతులుగా మళ్ళీ ప్రచార సేవకు వెళతామనీ, ఈ వయసువారికి నియమాలు సడలుతాయనీ, ఇటలీయే అడుగుతామనీ చెప్పింది. హైదరాబాదు అడగవచ్చు కదా, మన దేశంలో మీ సంఘానికి మొదటి 'స్టేకు', అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, 2012లో ఏర్పడింది అక్కడే కదా అన్నాను. ఆవిడకు ఆ సంగతి తెలుసు. ఆయన మాత్రం వినలేదు. "ఈసారి సాయంత్రాలు మనవే," అంటూ ఫోను తీసి, శాన్ కార్లో టికెట్టు ధర ఎంతుందో చూద్దామన్నాడు.

"ఆదివారం కొనుగోళ్ళు వద్దు, రేపు చూడండి" అంది ఆవిడ.

"చూడటం కొనడం కాదు."

"చూస్తే కొంటావు నాన్నా" అంది కూతురు, జెల్లో గిన్నె ఆయన వైపు జరుపుతూ.