మాల తీసిన రోజు, ఏడు గంటలకు

ప్రతి జనవరిలోనూ నాకు గుండె దడగా ఉండే వారం ఒకటుంది. శబరిమలలో జ్యోతి చూసుకుని, మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు ఇళ్లకు చేరే వారం. ఏ దండెం చూసినా ఉతికి ఆరేసిన నల్లబట్టలే. అదే సాయంత్రం వైన్ షాపు ముందు, మెడ మీద మాల ఒరుసుకున్న గీత ఇంకా చెరగనివాళ్లు నిలబడి ఉంటారు. "41 రోజులు ఓపిక పట్టాం స్వామీ" అని ఒకరితో ఒకరు అనుకుంటూ. చూస్తే కోపం వస్తుంది. కోపం కంటే ముందు భయం వేస్తుంది.

మాల వేసుకునేటప్పటి మంత్రం మీద ఉండే శ్రద్ధ, తీసేటప్పటి మంత్రం మీద ఉండదు. గబగబా గొణిగేస్తాం. దాని చివర "దేహి మే వ్రత విమోచనం" అని ఉంటుంది. ఆ "దేహి" దగ్గర నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. భవతి భిక్షాం దేహిలో ఉన్న దేహి అది. చేయి చాచి అడిగే మాట. గడువు తీరింది కాబట్టి తీసేస్తున్నా అనడం కాదు, నువ్వు ఇస్తేనే నాకు విడుదల అనడం. అడిగేది కూడా దేని నుంచి? వ్రతం నుంచి. నేల పడక నుంచి, చెప్పుల్లేని నడక నుంచి, ఒంటిపూట భోజనం నుంచి. తాగుడు మానడం వ్రతం పెట్టిన కష్టం కాదండీ, వ్రతం ఇచ్చిన ఫలం. ఫలాన్ని వెనక్కి తీసుకోమని స్వామిని ఎవరైనా అడుగుతారా? శబరిమల గుడి 18 మెట్లను అయిదు ఇంద్రియాలు, కామం, క్రోధం లాంటి ఎనిమిది రాగాలు, మూడు గుణాలు, విద్య, అవిద్య అని పెద్దలు లెక్క చెబుతారు. అవన్నీ ఎక్కి, పైన రాసి ఉన్న "తత్త్వమసి", అంటే "అది నువ్వే" అన్న మాట చదువుకుని వచ్చినవాడు, కొండ దిగగానే ఆ మాట ఎవరి గురించో అనుకుంటే ఎలా?

మా తమ్ముడు మొదటిసారి మాల వేసినప్పుడు, అప్పటికి పదేళ్లుగా రోజూ తాగుతున్నాడు. రెండో రోజు సాయంత్రం పూజలో హారతి పళ్లెం పట్టుకుంటే చేతులు వణికాయి. కర్పూరం పళ్లెంలో అటూ ఇటూ జారుతోంది, నుదుటి మీద విభూతి చెమటకు కరిగి కళ్లలోకి దిగుతోంది. "స్వామి ఒంటి మీదికొచ్చాడు" అని అందరూ శరణుఘోష పెంచారు. నేనూ దణ్ణం పెట్టాను. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుందని, ప్రాణం మీదికి కూడా రావచ్చని ఆసుపత్రిలో చెబితే తెలిసింది. మాత్రలు వాడుతుంటే ఒక పెద్దాయన "మాలలో ఉండి ఇంగ్లీషు మందులేంటి, స్వామి మీద నమ్మకం లేదా" అన్నారు. ఆ మాట విని వాడు మాత్రలు మానేస్తాడేమోనని ఎంత టెన్షన్ పడ్డామో.

మాల వేసే గురుస్వాములకు నమస్కరించి చెబుతున్నాను. మొదటిసారి దీక్ష పట్టే కన్నెస్వామి మెడలో మాల వేసే ముందు "రోజూ తాగుతావా నాయనా, ఎంత తాగుతావు" అని మెల్లగా అడగండి. రోజూ తాగేవాడైతే ముందు డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే మాల వేయండి. నిద్ర పట్టక, దిగులుతో తాగేవాళ్లూ ఉంటారు. ఆ దిగులుకూ వైద్యం ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు, టెలీమానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఆ ఏడాది 41 రోజులూ వాడు పూర్తి చేశాడు. అమ్మే వాడి మెడలోంచి మాల తీసింది. తులసిపూస ఒకటి చొక్కా దారానికి చిక్కుకుంటే తెగకుండా వేళ్లతో విడదీసింది. అప్పటిదాకా కొడుకుని స్వామీ అని పిలిచిన మనిషి, "ఒరేయ్, అన్నం తిందువు రా" అంది. అందరం నవ్వుకున్నాం. సాయంత్రం ఏడింటికి వాడు చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

ఆ ఏడు గంటల గురించి తర్వాత చాలా ఆలోచించాను. మాలలో ఉన్నన్ని రోజులూ సరిగ్గా ఆ వేళకే చన్నీళ్ల స్నానం, పడిపూజ, భజన, చుట్టూ పదిమంది స్వాములు. పదేళ్లుగా వాడు గ్లాసు పట్టుకున్న వేళ కూడా అదే. మాల తీయగానే ఆ గంట ఖాళీ అయిపోయింది, పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, స్వామీ అనే పిలుపు పోయింది. ఇంతమందిమి ఉండి వాణ్ణి ఆ ఒక్క గంటలో ఒంటరిగా వదిలేశాం. దాన్ని వాడి బలహీనత అనడానికి నాకు నోరు రాదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ వేశాడు. ఈసారి ముందు వైద్యం, తర్వాత మాల. తీసే రోజుకి వారం ముందే గురుస్వామి ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడారు. సాయంత్రం గుడిలో దీపాల కుందులు తోమే పని వాడికి అప్పగించారు. మధ్యలో ఒకసారి జారాడు. దాచకుండా వచ్చి చెప్పాడు, ఎవరూ కసరలేదు, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

మీ ఇంట్లో ఈ ఏడాది మాల తీసేవాళ్లుంటే, ఆ సాయంత్రానికి వాళ్లకో పని, పక్కన ఓ మనిషి ఉండేలా చూడండి. విందులో సీసా పెట్టే బంధువుని గుమ్మంలోనే ఆపండి, మొహమాట పడొద్దు.

ఇప్పటికీ ఏడు కొట్టేసరికి వాడు గుడికి చేరకపోతే గురుస్వామి ఫోన్ వస్తుంది. మెడలో మాల లేదు, ఒంటి మీద నల్లబట్టలు లేవు. "ఎక్కడున్నారు స్వామీ? కుందులు మీ కోసం చూస్తున్నాయి" అంటారు.

"వస్తున్నా స్వామీ" అంటాడు వాడు.