గుంటూరు నుంచి బెజవాడకు ఒక ఆకాశవాణి స్తంభం

ఏసీ పేరుతో అదనపు ఛార్జీ తీసుకుని, చల్లగాలి మాత్రం ముందు వరుసలకే పంచే బస్సులో గుంటూరు నుంచి విజయవాడకు బయలుదేరాను. పున్నమ్మతోటలోని ఆకాశవాణి కార్యాలయంలో పని ఉందని ఫోనులో చెబుతుండగా విన్న పక్క సీటు పెద్దాయన, తాను ఒకప్పుడు ట్రాన్స్‌మిటర్ విభాగంలో పనిచేశానని చెప్పారు. మంగళగిరి దాటేవరకూ ఆయన మాటల ముందు ఉక్కపోత సంగతే మరిచాను.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉషశ్రీ గారి పురాణ ప్రసంగం వచ్చే ఆదివారం మధ్యాహ్నాలు మా వీధి అరుగుల మీద ఎలా సాగేవో నాకు గుర్తే. ఆ గొంతు మా ఊరిదాకా ఎలా వచ్చేదో మాత్రం నేనెన్నడూ ఆలోచించలేదు.

"స్టూడియో ఊళ్లో ఉన్నా ఫరవాలేదండీ, మీడియం వేవ్, అంటే పాత రేడియోల్లో వినే ప్రసారాల స్తంభానికి మాత్రం ఎకరాల కొద్దీ ఖాళీ నేల కావాలి" అన్నారాయన. ఎఫ్‌ఎం టవరు, తరంగాలను వెదజల్లే ఏరియల్‌ను ఎత్తున నిలబెట్టడానికే పనికొస్తుంది. మీడియం వేవ్‌లో సాధారణంగా ఆ ఇనుప స్తంభమే ఏరియల్. అందుకే దాన్ని కరెంటు పారనివ్వని పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబెట్టి, లాగి కట్టిన తీగలను కూడా మధ్యమధ్య ఇన్సులేటర్లతో విడగొడతారు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు కనుక, అందులో పావు వంతు స్తంభమంటే దాదాపు 90 మీటర్లు ఉండాలని ఆయన టికెట్ వెనక లెక్క వేసి చూపించారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఎత్తు కాదు. స్తంభం అడుగు నుంచి బండిచక్రపు ఆకుల్లా నలువైపులా రాగితీగలను భూమిలో పరుస్తారట. అవి లేకపోతే ఎంత విద్యుత్తు పంపినా చాలా భాగం మట్టిని వేడి చేయడానికే పోతుందట. పగలు తరంగం నేలను అంటుకుని సాగుతుంది, డెల్టా తడి నేల దానికి బాగా కలిసివస్తుంది. రాత్రి పై వాతావరణంలోని విద్యుదావేశ పొర అయిన అయనోవరణం నుంచి వెనక్కి తిరిగి దూర జిల్లాల్లోనూ దిగుతుంది.

ఇప్పుడు యాప్‌లో వినవచ్చు కదా అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు. "1977 దివిసీమ ఉప్పెన లాంటిది మళ్లీ వచ్చి, కరెంటూ సెల్ టవర్లూ పోతే యాప్ దేనికి? రెండు సెల్లుల ట్రాన్సిస్టర్ ఉంటే దూరపు స్తంభమైనా పలుకుతుంది" అన్నారు. ఇప్పటి ఫోన్లలో మీడియం వేవే లేదని గొణుగుతూ ఆయన వారధి దాటగానే దిగిపోయారు. బస్టాండు బయట పున్నమ్మతోటకు ఆటో అడిగితే, నేను గుంటూరు నుంచి రావడానికి పెట్టిన ఛార్జీ కంటే ఎక్కువే చెప్పాడు.