చలిప్రాంతాల్లో నాచు ఇంధనం: పరిశోధన ప్రతిపాదనలను ఎలా తూచాలి?

సూక్ష్మ శైవలాల (నీటిలో పెరిగే, కంటికి కనిపించనంత చిన్న నాచు) నుంచి జీవ ఇంధనం తీస్తామనే ప్రతిపాదనలను, అందులోనూ చలిప్రాంతాల కోసం రాసినవాటిని చదివేటప్పుడు నేను నూనె శాతంతో మొదలుపెట్టను. కణం ఎండు బరువులో సగం నూనే అని రాసి ఉన్నా తొందరపడి సంతోషించడానికి లేదు. నత్రజని అందకపోతే శైవలం నూనెను కూడబెట్టుకునే మాట నిజమే గానీ, అప్పుడు దాని ఎదుగుదల కూడా మందగిస్తుంది. అందుకే చదరపు మీటరుకు ఏడాది మొత్తం మీద ఎంత నూనె దక్కిందో చెప్పని ప్రతిపాదన నా దృష్టిలో అసంపూర్ణం.

ఏడాది మొత్తం అని పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ అనే శైవల ఇంధన పరిశోధనలో భాగంగా న్యూమెక్సికోలోని రోజ్‌వెల్ వద్ద ఆరుబయటి చెరువుల్లో శైవలాలను పెంచినప్పుడు, కొన్ని మంచి రోజుల్లో చదరపు మీటరుకు రోజుకు 50 గ్రాముల దాకా దిగుబడి వచ్చినా, చలి వల్ల సగటు మాత్రం రోజుకు 10 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. ఎండకు కొదవ లేని ఆ ఎడారి ప్రాంతంలోనే చలి ఇంత దెబ్బతీస్తే, ధ్రువానికి దగ్గరి ఊళ్లలో జులై నెల అంకెను పన్నెండుతో హెచ్చవేసి చూపడం ఎంతమాత్రం సమంజసం కాదు.

ఇక వేడి సంగతి. చెరువులో లీటరు నీటికి అర గ్రాము శైవలం ఉందనుకుంటే, కిలో ఎండు పదార్థం కోసం 2,000 లీటర్ల నీరు కావాలి. ఆ నీటిని 10 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 84 మెగాజౌళ్లు పడుతుంది. ఆ కిలో శైవలంలో ఉండే శక్తి సుమారు 20 మెగాజౌళ్లే. అదే నీటిని మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి భారం కొంత తగ్గుతుంది గానీ, ఆరుబయట ఉన్న నీరు ప్రతి రాత్రీ చల్లబడుతూనే ఉంటుంది.

దీనికి జవాబుగా చాలామంది విద్యుత్ కేంద్రాల వ్యర్థ ఉష్ణాన్ని చూపిస్తారు. కానీ ఉత్తర ఐరోపాలోని చాలా పట్టణాల్లో ఆ వేడి వృథాగా పోవడం లేదు. చలికాలంలో గొట్టాల ద్వారా ఇళ్లకు చేరుతోంది. పోనీ వేడి దొరికిందనుకున్నా, వెలుతురు మాటేమిటి? స్వీడన్‌లోని ఉమియోలో డిసెంబరు చివర పగలు నాలుగున్నర గంటలే. దీపాలు పెట్టి పెంచితే, ఖర్చు చేసిన విద్యుత్తులో చిన్న భాగమే ఇంధనంగా తిరిగొస్తుంది. ఇంధనమే లక్ష్యమైన ప్రాజెక్టులో కృత్రిమ వెలుతురు కనిపిస్తే నేను నిర్మొహమాటంగా తిరస్కరిస్తాను.

చలిని ఇష్టపడే జాతులను ఎంచుకోవడం ఇంతకంటే తెలివైన దారి, కానీ దానికీ షరతులున్నాయి. అంటార్కిటికాలోని బోనీ సరస్సులో దొరికిన క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవల జాతి ఒకటి 24 డిగ్రీల వేడికే చనిపోతుంది. శైవలాలను పెంచే మూసిన గాజు గొట్టాల్లో ఎండాకాలం మధ్యాహ్నం నీరు అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. పైగా, చలిలో పొరలు గడ్డకట్టకుండా కణాలు అసంతృప్త కొవ్వు ఆమ్లాలను (చలికి అంత తేలిగ్గా గట్టిపడని కొవ్వులను) పెంచుకుంటాయి. ఆ నూనెతో చేసిన బయోడీజిల్ చలికి త్వరగా గడ్డకట్టదు, కానీ గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. నాలుగు, అంతకు మించి ద్విబంధాలున్న ఎస్టర్లు (బయోడీజిల్‌లోని అణువులు; ద్విబంధాలు ఎక్కువయ్యే కొద్దీ త్వరగా పాడవుతాయి) ఒక శాతం దాటకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 14214 చెబుతోంది. అందుకే ఆ నూనెను హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తారా, లేక తడి ముద్దనే అధిక పీడనంలో ఉడికించి ముడి నూనెగా మారుస్తారా అన్నది ప్రతిపాదనలో స్పష్టంగా ఉండాలి.

నాకు నమ్మకం కలిగించేవి ఇంధనాన్నే ఏకైక ఫలితంగా చూపని ప్రాజెక్టులు. ఉత్తర నార్వేలో ఫిన్‌ఫ్యోర్డ్ ఫెర్రోసిలికాన్ (ఇనుము, సిలికాన్‌ల మిశ్రమలోహం) కర్మాగారం వద్ద ట్రామ్‌సో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చలికి అలవాటుపడిన డయాటమ్‌లను (ఒక రకం సూక్ష్మ శైవలాలను) కర్మాగారపు పొగవాయువుతో పెంచుతూ, చేపల మేత వైపు దృష్టి పెట్టారు. మురుగునీటి శుద్ధి ప్రధాన పనిగా, మిగిలిన శైవలాన్ని బయోగ్యాస్‌కు మళ్లించే ప్రణాళికలకూ నేను ఎక్కువ మార్కులే వేస్తాను, నెలవారీ శక్తి పట్టికలో జనవరి గడి ఖాళీగా లేకపోతే.