కూలి రేటు వేరు, చేతికొచ్చే కూలి వేరు

అసంఘటిత రంగ వేతనాల మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే "వాటికి లెక్కలెక్కడ ఉంటాయి?" అని అడుగుతారు. ఉన్నాయి. 2017 నుంచి జరుగుతున్న జాతీయ శ్రామిక శక్తి సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, వివరాలను పేర్లు లేకుండా ఒక్కో వ్యక్తి వారీగా ఉచితంగానే ఇస్తారు.

దించుకున్న ఫైలు తెరిస్తే మాత్రం నీరసం వస్తుంది. పేజీల కొద్దీ అతుక్కుపోయిన అంకెలు. ఏ స్థానంలో వయసుందో, ఎక్కడ కూలి ఉందో వేరే పట్టిక చూసి విడగొట్టుకోవాలి. ఒక్కో మనిషి జనాభాలో ఎందరికి ప్రతినిధో చెప్పే అంకె కూడా ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా తీసిన సగటు ఎందుకూ పనికిరాదు. విసుగు పనే గానీ, ఓపిక పడితే అయిపోతుంది.

అసలు పేచీ ఎవరిని అసంఘటిత కార్మికులు అనాలన్న దగ్గర వచ్చింది. నెలజీతం మీద పనిచేసేవాళ్లను సర్వే మూడు సంగతులు అడుగుతుంది: రాతపూర్వక ఒప్పందం ఉందా, జీతంతో సెలవు ఉందా, పీఎఫ్ లాంటి సామాజిక భద్రత ఉందా. నేను మూడోదాన్నే కొలబద్దగా తీసుకున్నాను. అసంఘటిత రంగం మీద కేంద్రం వేసిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ చూపిన దారి కూడా దాదాపు అదే. అప్పుడు పెద్ద కంపెనీ గేటు దగ్గర పీఎఫ్ లేకుండా నిలబడే కాపలాదారు కూడా లెక్కలోకి వస్తాడు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక కూలీల అడ్డాకు వెళ్లాను. "రోజు కూలి ఎంతమ్మా?" అంటే ఇటుకలు మోసే ఒకావిడ తడుముకోకుండా "ఏడు వందలు" అంది. పోయిన వారం ఏ రోజు ఏం చేశావో చెప్పమంటే వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. సోమవారం పూర్తి పని. మంగళవారం పది దాకా నిలబడి ఇంటికి. బుధవారం ఒక పూట. గురు, శుక్రవారాలు ఒక మేస్త్రీ దగ్గర పని. "శనివారం ఇస్తానన్నాడు మేడం, ఇంకా కనబడలేదు." శని, ఆదివారాలు పని లేదు.

పీఎల్‌ఎఫ్‌ఎస్ కూడా రోజుకూలీలను ఇలా ఏడు రోజులకూ విడివిడిగానే అడుగుతుంది. ఆ ప్రశ్నలు రాసినవాళ్లెవరో అడ్డా చూసినవాళ్లే అనిపించింది. కాకపోతే రావలసిన కూలిని కూడా సర్వే ఆదాయంగానే రాసుకుంటుంది. ఆ పద్ధతిలో ఆమె వారం సంపాదన 2,450 రూపాయలు. చేతికి వచ్చింది 1,050.

అందుకే అడ్డాలో సేకరించిన వివరాల పట్టికలో 'అందినది' అని ఇంకో గడి గీశాను. జాతీయ లెక్కలతో పోల్చడానికి వీల్లేని గడి ఎందుకని మా గైడు తీసేయమన్నారు. పోల్చడానికి కాదు సార్, బాకీ ఎంతో తెలియడానికి అన్నాను. చాలా వాదన తర్వాత అనుబంధంలో పెట్టుకోమన్నారు. నాకైతే అది అసలు అధ్యాయంలోనే ఉండాలి. తుది ప్రతి ఇచ్చేలోపు ఇంకోసారి అడుగుతాను.