ఆవకాయ డబ్బాలో ఇత్తడి

అమెరికాలో, ఐడహో రాష్ట్రపు బోయ్‌సీలో కారెక్కేముందు మా ఆవిడ పులిహోర డబ్బా చేతికిచ్చింది. నేను ఇంకో డబ్బా తెచ్చి వెనకసీటు కింద పెట్టాను. ఒకప్పుడు ఆవకాయ పెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బా అది. ఇప్పుడు దాన్నిండా కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు, రెండు వందల పైచిలుకు. షూటింగ్ చేసేవాళ్ళు వీటిని బ్రాస్ అనే అంటారు, మందూ బుల్లెట్టూ కొత్తగా పెట్టి మళ్ళీ వాడుకుంటారు. ఇవన్నీ .41 మాగ్నమ్ అనే సైజు తూటా వేసే రివాల్వర్‌వి. ఆ సైజు బ్రాస్ ఒక్కటి గడ్డిలో పడిపోయినా వంగి వెతుక్కుంటాం, ఎందుకంటే కొత్తవి కావాలంటే అన్నిచోట్లా దొరకవు. మా ఊళ్ళో ఉన్న పెద్ద షాపులో .38, .357, .44 పెట్టెలు వరసగా ఉంటాయి. .41 కోసం అడిగితే కౌంటర్లో కుర్రాడు ముందు ఒకసారి నా మొహం చూసి, తర్వాత కంప్యూటర్ చూస్తాడు.

సెప్టెంబరు చివరి వారం. వెళ్తున్నది ఐడహో రాష్ట్రంలోనే ఉన్న సాల్మన్ అనే చిన్న ఊరికి. 21వ నంబరు రోడ్డు మీద స్టాన్లీ, అక్కణ్ణుంచి 75 పట్టుకుని చాలిస్, తర్వాత 93. మొత్తం సుమారు 250 మైళ్ళు. నాతో పాటు ఒక నెల్లూరు తమ్ముడు, మా ఆఫీసులో చేరి రెండేళ్ళయింది. అతను హెచ్-1బీ మీద ఉన్నాడు. అలాంటి తాత్కాలిక వీసాలో ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఇక్కడి ఫెడరల్ చట్టం. ఆ చట్టం లెక్కలో ఖాళీ బ్రాస్, ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళ), పౌడర్ కూడా తూటా కిందికే వస్తాయి. నేనూ గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఏళ్ళ తరబడి చేతులు కట్టుకుని చూసినవాణ్ణే. అందుకే బయల్దేరేముందే చెప్పాను: "చూడు, లెక్క రాయి, ఫొటోలు తియ్యి. దేన్నీ ముట్టుకోకు." "సరే అన్నా," అన్నాడు. రెండు రోజులూ మాట మీద నిలబడ్డాడు.

స్టాన్లీ దాకా మూడు గంటలు. సాటూత్ కొండల మీద అప్పటికే తొలిమంచు పడివుంది. రెడ్‌ఫిష్ సరస్సు ఒడ్డున ఆగి పులిహోర తిన్నాం. సముద్రం నుంచి 900 మైళ్ళు ఎదురీది, 6,500 అడుగుల ఎత్తెక్కి ఈ సరస్సుకొచ్చి గుడ్లు పెట్టే సాకై చేపలు ఉన్నాయి. 1992లో ఆ దారంతా ఈది తిరిగొచ్చింది ఒకే ఒక్క మగచేప. దాని వీర్యాన్ని కూడా దాచి, హేచరీల్లో పిల్లల్ని పెంచి, ఆ జాతి అంతరించిపోకుండా నిలబెట్టుకొచ్చారు. ఈ కథంతా రాసిన బోర్డు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. తమ్ముడు పిలిస్తే గానీ కదల్లేదు.

అక్కణ్ణుంచి చాలిస్ దాకా రోడ్డు, నది పక్కపక్కనే. ఇక్కడ చెప్పుకోవాల్సినంత అందం ఉంది గానీ నా మనసంతా సాల్మన్ మీదే ఉంది. .41 మాగ్నమ్ పుట్టడానికి పట్టుబట్టిన ముగ్గురిలో ఒకరైన ఎల్మర్ కీత్ బతికిన ఊరు అది. 1899లో పుట్టి 1984లో పోయాడు. చిన్నప్పుడు మిసూలాలో ఒక అగ్నిప్రమాదంలో ఒళ్ళు కాలి, ఎడమ చెయ్యి వంకరపోయింది. ఆ చేత్తోనే పశువుల కాపరిగా, వేట గైడుగా బతికాడు. తుపాకులు కాల్చడం, తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడం, వాటి గురించి రాయడం ఆయన జీవితం. 1920లలో ఒక .45 కోల్ట్ రివాల్వర్‌లో బరువైన లోడ్ వేస్తే సిలిండర్ (తూటాలు పట్టే గదులుండి గుండ్రంగా తిరిగే భాగం) పగిలిపోయింది. ఆ తర్వాతే గోడలు ఇంకాస్త మందంగా ఉండే .44 స్పెషల్ వైపు తిరిగాడు. అందులో ఆయన చేసిన ప్రయోగాల ఫలమే 1955 చివర్లో బయటికొచ్చిన .44 మాగ్నమ్.

మరి .41 ఎందుకు? అప్పటికి 1935 నుంచీ .357 ఉంది, పైన .44 ఉంది. పోలీసులకి మొదటిది చాలదనీ, రెండోది చేతిలో ఆగదనీ కీత్, బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసిన బిల్ జోర్డన్, తుపాకుల గురించి రాసే స్కీటర్ స్కెల్టన్ గట్టిగా వాదించారు. రెమింగ్టన్ తూటా చేసింది, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ చేసింది. 1964లో రెండూ బయటికొచ్చాయి. మెరుగుపెట్టిన మోడల్ 57, పోలీసుల కోసం సాదా మోడల్ 58. మరుసటేడు రూగర్ కంపెనీ బ్లాక్‌హాక్ తెచ్చింది. బుల్లెట్ వ్యాసం సరిగ్గా .410 అంగుళం, అంటే పేరులో ఉన్నదే కొలత. .44 అనబడేది నిజానికి .429. ఈ విషయంలో నాకు ఫార్టీవన్ మీద ప్రత్యేకమైన గౌరవం.

కానీ పోలీసులు పెద్దగా తీసుకోలేదు. తుపాకీ బరువు, పూర్తి లోడ్ వేస్తే చెయ్యి అదిరిపోతుంది. శాన్ ఆంటోనియో లాంటి కొన్ని ఊళ్ళ పోలీసులు వాడారు, అంతే. వేటగాళ్ళేమో ఎలాగూ పెద్దది కొనాలనుకుంటే .44 దగ్గరికే పోయారు. 1970ల చివరికి మోడల్ 58 ఆగిపోయింది. మధ్య కొడుకులా ఇంట్లో అందరికీ పనికొచ్చినా ఎవరి కంటా పడని బతుకు దీనిది.

సాల్మన్‌లో మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన మా ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యారు. ఏటా ఈ వారంలో ఆయన గ్యారేజీకి ఏడెనిమిది మంది ఫార్టీవన్ వాళ్ళు చేరతారు. ఒక రిటైరైన టీచరమ్మ, గుర్రాలకి లాడాలు కొట్టే ఒకాయన, మోంటానా నుంచి తండ్రీకొడుకులు. టీచరమ్మ దగ్గర వాళ్ళాయన వాడిన మోడల్ 57 ఉంది. నీలి రంగు తుపాకీ గొట్టం (బ్యారెల్) చివర, తోలు ఒరలో పెట్టి తీసి, పెట్టి తీసి, వెండిలా తెల్లబడింది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వదు, అడగడం కూడా బాగుండదు.

రాత్రి గ్యారేజీలో పని మొదలైంది. నా డబ్బాలోంచి యాభై తీశాను. ముందు వాల్‌నట్ పొట్టులో తిరిగే గిన్నెలో వేసి శుభ్రం చేయాలి. మసి పోయి, మెరుగొచ్చాక ఒక్కోటి వెలుతురుకి పట్టి చూడాలి. మూతి దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా పక్కన పడెయ్యాలి. నా యాభైలో మూడు అలా పోయాయి, వాటి బదులు పెద్దాయన మూడిచ్చారు. తర్వాత ప్రెస్. ఆయనది ఒక్కో పనికి ఒక్కోసారి మీట లాగే పాతకాలం ప్రెస్. మొదటి డై, అంటే అచ్చులోకి పోతే పాత ప్రైమర్ ఊడి కింద పడుతుంది, ఉబ్బిన గొట్టం మళ్ళీ కొలతకి వస్తుంది. తర్వాత కొత్త ప్రైమర్. వేలితో తడిమి చూస్తే అది అడుగుకి సమంగానో, రవ్వంత లోపలికో ఉండాలి. తర్వాత మూతిని కొంచెం విప్పాలి, లేకపోతే సీసం బుల్లెట్ గీసుకుపోతుంది. తర్వాత పౌడర్, బుల్లెట్, చివరికి అంచుని బుల్లెట్ గాడిలోకి మడవడం. ఈ మడత సరిగ్గా లేకపోతే, పేలిన తూటా కుదుపుకి పక్క గదుల్లో ఉన్న బుల్లెట్లు ముందుకి జారి సిలిండర్‌కి అడ్డం పడతాయి.

ఎంత పౌడర్ అన్నది ఇక్కడ రాయను. అది నోటిమాటగా పోకూడదు. పౌడర్ కంపెనీలు అచ్చువేసే లోడింగ్ పుస్తకం ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న కింది అంకె నుంచే మొదలుపెట్టాలి. పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నారు, ఆ రాత్రీ పుస్తకం తెరిచే కూర్చున్నారు.

బుల్లెట్లు ఆయన పోతపోసినవే. కీత్ రూపకల్పన చేసిన ఆకారం. ముక్కు చదును, దాని వెనక పదునైన భుజం, కాగితం మీద పడితే కత్తిరించినట్టు గుండ్రటి కన్నం. ఒక్కోటి సుమారు 14 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే ఆ సైజుకి ఆ బరువేంటా అనిపిస్తుంది. సీసం ముట్టుకున్నాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేదాకా ఆయన నన్ను కాఫీ కప్పు ముట్టుకోనివ్వలేదు.

నాకు మా అమ్మ వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. భద్రాచలం వైపు ఊరు. మొక్కజొన్న మీద పడే అడవి పందుల కోసం ఆయనకి లైసెన్సున్న తుపాకీ ఉండేది, మూతి నుంచి మందు దట్టించేది. వెదురుతో చేసిన చిన్న కొలతగొట్టం, దాని మీద కత్తితో గీసిన గీత. మందు కొలిచేప్పుడు పిల్లలెవరూ నోరు మెదపకూడదు. నేనొకసారి నీళ్ళడిగితే, కొలిచిందంతా వెనక్కి పోసి, మళ్ళీ మొదట్నుంచి కొలిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

యాభై బ్రాసూ చెక్క పలకలో పదేసి చొప్పున ఐదు వరసలు నిలబెట్టి పౌడర్ పోస్తున్నాను. రెండో వరసలో ఉండగా ఫోన్ మోగింది. రాత్రి తొమ్మిది. ఇంటి దగ్గర పొద్దున ఎనిమిదిన్నర, అమ్మ ఫోన్ చేసే వేళ. బయటికెళ్ళి మాట్లాడాను. తిరిగొచ్చి ఎక్కడ ఆపానో చూసుకుని కొనసాగించాను. అన్నీ పోశాక టార్చి వేసి ఒక్కో గొట్టంలోకి తొంగిచూడాలి. మూడు, నాలుగు, ఐదు వరసలు చూశాను. మొదటి రెండూ చూశాననే అనుకున్నాను.

పొద్దున లెమ్హై లోయలో పెద్దాయన స్నేహితుడి రాంచ్‌కి, అంటే పశువులు మేపే పెద్ద కమతానికి వెళ్ళాం. లూయిస్, క్లార్క్ అన్వేషణ బృందానికి దుబాసీగా నడిచిన షోషోనీ తెగ అమ్మాయి సకాజవేయా పుట్టిన లోయ ఇది. ఆ బృందం 1805లో కనుమ దాటి వచ్చింది కూడా ఇటే. ఎదురుగా గోడలా నిలబడ్డ మట్టికొండ, దాని ముందు యాభై గజాల్లో ఇనుప పలక. పలక వెనక కొండ తప్ప ఇంకేమీ లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు.

టీచరమ్మ ముందు కాల్చింది. ఆరు కాలిస్తే ఆరూ మోగాయి. డెబ్భై దాటిన మనిషి, ఒక్కో దెబ్బకీ తుపాకీ పైకి లేచి మళ్ళీ అదే చోటికి దిగుతుంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళు చూడాల్సిన దృశ్యం అది. లాడాలాయన తన మోడల్ 58 చూపించాడు. శాన్ ఆంటోనియో పోలీసుల దగ్గర పనిచేసి రిటైరైంది అట. చెక్క పిడి అంచులు అరిగి సబ్బుబిళ్ళలా ఉన్నాయి.

తర్వాత నేను కాల్చాను, పెద్దాయన బ్లాక్‌హాక్‌తో. ప్రతి తూటాకీ బొటనవేలితో తుపాకీ మీదుండే సుత్తిని వెనక్కి లాగాల్సిన రకం. మొదటి ఆరింట్లో నాలుగు మోగాయి. వెనక నిలబడ్డ తమ్ముడు నోట్‌బుక్కులో గీతలు పెడుతున్నాడు. మళ్ళీ ఆరు నింపాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండోది "టప్" అంది. మఫ్‌ల లోపలికి ఎవరో తలుపు మీద వేలితో కొట్టినంత చప్పుడు. చెయ్యి కదల్లేదు. గురి తప్పిందేమో అనుకుని నా బొటనవేలు దానంతట అదే సుత్తి మీదికి పోయింది.

"ఆగు!"

పెద్దాయన చెయ్యి నా మణికట్టు మీదుంది. తుపాకీ మూతి కొండవైపే ఉంచమని, కాసేపు కదలొద్దని అన్నారు. అరనిమిషం పైగా అలాగే నిలబడ్డాం. తర్వాత పక్కతలుపు తెరిచి ఒక్కో గది తిప్పి ఖాళీ చేయించారు. మిగిలిన పన్నెండో తూటా నా అరచేతిలో పడింది. ఇరుసు లాగి సిలిండర్ బయటికి తీసి, బ్యారెల్‌ని ఆకాశానికి ఎత్తి చూపించారు. అవతల వెలుతురు రాలేదు. ప్రైమర్ ఒక్కటే పేలి, పౌడర్ లేక, బుల్లెట్ రెండు వేళ్ళ దూరం పోయి ఇరుక్కుంది. దాని వెనక పన్నెండోది కాల్చివుంటే బ్యారెల్ చీలేది. నా చేతికేమయ్యేదో, పక్కనున్నవాళ్ళకేమయ్యేదో.

నోరు తడారిపోయింది. "రాత్రి ఫోన్ వచ్చింది," అని మాత్రం అనగలిగాను. ఆయన తలూపారు. ఇత్తడి కడ్డీ తెచ్చి మూతిలోంచి దింపి, చెక్కసుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టారు. బుల్లెట్ వెనక్కి జారి నేలమీద పడింది. బ్యారెల్ లోపలి గాడులు దాని ఒంటి మీద ఏటవాలుగా అచ్చుపడి ఉన్నాయి, ఉంగరానికి చెక్కిన చెక్కడంలా శుభ్రంగా.

ఆ రోజు మళ్ళీ నేను కాల్చలేదు. నా తూటా ఇంకొకటి ఎవరి తుపాకీలోకీ పోనివ్వలేదు. సాయంత్రం గ్యారేజీలో ముప్ఫై తొమ్మిదింటినీ విప్పడానికి కూర్చున్నాను. దానికి ప్లాస్టిక్ సుత్తి లాంటిది ఒకటుంటుంది. తలలో తూటాని బిగించి చెక్కమొద్దు మీద కొడితే బుల్లెట్ ఊడి, పౌడరూ అదీ లోపల గిన్నెలో పడతాయి. ఒక్కోదానికి మూడు నాలుగు దెబ్బలు. పెద్దాయన పక్కన కూర్చుని ఒక్కోదాంట్లో వచ్చిన పౌడర్‌ని త్రాసులో తూచి అంకె చెబుతుంటే, తమ్ముడు దూరంగా స్టూలు మీద కూర్చుని రాసుకున్నాడు. టీచరమ్మ ఏమీ అడక్కుండా మా ముగ్గురికీ సూప్ తెచ్చిపెట్టి వెళ్ళింది.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అమ్మ. ఎత్తలేదు.

పది దాటాక పని అయిపోయింది. ముప్ఫై తొమ్మిదింట్లోనూ పౌడర్ ఉంది, సరిగ్గా ఉండాల్సినంత. అప్పుడు బయటికొచ్చి అమ్మకి నేనే ఫోన్ చేశాను.

"ఇందాక ఎత్తలేదేం?"

"మందు తూస్తున్నానమ్మా," అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"అయితే చెప్పు," అంది.