ముక్కు గొట్టంతో ఇంటికి వచ్చిన మావారి కోసం

మావారి కుడి బుగ్గ లోపలి పుండు క్యాన్సరని బయాప్సీలో తేలాక హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. పుండుతో పాటు దవడ ఎముకలో కొంత భాగాన్ని, మెడలోని లింఫ్ గ్రంథులను తొలగించి, ఆ ఖాళీని తొడ నుంచి తీసిన కండతో పూడ్చారు. 20 ఏళ్లకు పైగా నమిలిన గుట్కా ఆయనను ఇంతవరకు తెచ్చింది. 12వ రోజున ఇంటికి పంపుతామనగానే, మా అబ్బాయిని ఆయన దగ్గర ఉంచి, నేను రెండు రోజుల ముందే హనుమకొండ వచ్చి ఇల్లు సిద్ధం చేయడం మొదలుపెట్టాను.

ముక్కు నుంచి కడుపులోకి వేసిన గొట్టంతో పాలు పట్టేటప్పుడు, ఆ తర్వాత కనీసం అరగంట సేపు తల ఎత్తుగా ఉండాలని, లేకపోతే కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని నర్సు పదే పదే చెప్పింది. అందుకని మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించి, వీపు వెనుక ఆనించడానికి గట్టి దిండ్లు కుట్టించాను. మెడ ఆపరేషన్ వల్ల కుడి చేయి భుజం దాటి లేవడం లేదు కాబట్టి, తల మీదుగా తొడిగే బనియన్లు పక్కన పెట్టి, ముందు గుండీలున్న వదులు చొక్కాలు తీశాను. మందులు, తువ్వాలు, కళ్లజోడు ఎడమ చేతికి అందే ఎత్తులో సర్దాను.

ఎక్కువ శ్రమ వంటింట్లోనే. ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు ప్రతి 2 గంటలకు సుమారు 200 మిల్లీలీటర్లు గొట్టం ద్వారా ఇవ్వాలి. రాగి జావ, పప్పు కట్టు, పాలు, మజ్జిగ, ఉడికించిన గుడ్డు తెల్లసొనను పాలతో కలిపి మిక్సీ పట్టినది, ఏదైనా సరే పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, ఎందుకంటే చిన్న పలుకు అడ్డుపడినా గొట్టం మూసుకుపోతుంది. సిరంజిలోని నెట్టే కాడను తీసేసి, దానిని ఎత్తి పట్టుకుని, జావ తనంతట తాను దిగేలా చూడాలి. ముందూ వెనుకా మంచినీళ్లు పోసి గొట్టం కడగాలి. ముక్కు దగ్గర గొట్టం మీద గీసిన గుర్తు కదిలిందేమో ప్రతిసారీ చూసేదాన్ని. ఒక రాత్రి దగ్గుకు గొట్టం సగం బయటికి వచ్చింది. లోపలికి నెట్టాలని చేయి వెళ్లింది గానీ, అది ఊపిరి గొట్టంలోకి పోవచ్చన్న హెచ్చరిక గుర్తొచ్చి ఆగి, ఏమీ పట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఆసుపత్రి వారు చెప్పినవన్నీ చేశాను. వారు చెప్పనివి రెండు మిగిలాయి. మొదటిది మాట. ఆయన నోట మాట స్పష్టంగా రావడం లేదు. పిల్లల చిన్ననాటి పలక, బలపం మంచం మీద పెట్టాను. రాత్రి పిలవడానికి దేవుడి గది గంట ఇస్తే, మైల అని ఆయన ముట్టుకోలేదు. అబ్బాయి తన పాత సైకిల్ బెల్లు తెచ్చి మంచం పట్టెకు బిగించాడు.

రెండవది మా భోజనం. ఆయన నోటితో తినలేని రోజుల్లో ఎదురుగా తినడం మాకు చేతకాలేదు. పోపు వాసన ఆయనను బాధపెడుతుందని పోపు మానేశాను, పిల్లలు పెరట్లో కూర్చుని హడావుడిగా తినేవారు. నాలుగో రోజు ఆయన పలక నా వైపు తిప్పారు. "పోపు మానకు. వాసనైనా రానీ. పిల్లలను లోపల కూర్చోబెట్టు." ఆ రోజు నుంచి మా మధ్యాహ్న భోజనం ఆయన మంచం పక్కనే చాప మీద జరిగింది. మేం కంచాలు పెట్టుకునే సమయానికే ఆయన జావ కూడా పట్టేదాన్ని. ఇంట్లో జరిగిన మార్పులన్నింటిలో ఆయన ముఖం తేటపడేలా చేసింది ఇదేనని నా నమ్మకం.

నాలుగో వారంలో డాక్టరు పరీక్షించి, చెంచాతో చిక్కని జావ మింగించి చూసి, గొట్టం తీసేశారు. రేడియేషన్‌కు ముందు పళ్ల డాక్టరుకు చూపించమన్నారు. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలను ఒకదానిపై ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకునే వ్యాయామం నేర్పారు. ఈ ఉదయానికి ఆయన 9 పుల్లల దగ్గర ఉన్నారు.